పన్నెండేళ్లు పాఠాలు చెప్పాను, టీచర్లకు గ్రాట్యుటీ ఉండదంటున్నారు. నిజమేనా?

లెక్కల టీచర్ (14 జూన్ 2025):

నమస్తే అండి. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు హైస్కూల్లో 2012 జూన్ 1 నుంచి 2024 ఏప్రిల్ 30 దాకా లెక్కలు చెప్పాను. చేరినప్పుడు జీతం 5,500, మానేసేనాటికి 18,200. మా అత్తగారికి పక్షవాతం వచ్చింది, చూసుకునేవాళ్లు లేక మానేశాను. నెల ముందే లెటర్ ఇచ్చాను. ఆఖరి రోజు కూడా తొమ్మిదో తరగతి పేపర్లు దిద్ది, మార్కులు ఎక్కించి, కట్టలు అప్పజెప్పే ఇంటికొచ్చాను.

ఉద్యోగం మానేశాక సర్వీసుని బట్టి యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము, గ్రాట్యుటీ అనేది ఒకటుందని ఈమధ్యే తెలిసి స్కూలు ఆఫీసుకి వెళ్లి అడిగాను. ఆ చట్టం టీచర్లకు వర్తించదన్నారు. వర్తించినా దానికి కావలసిన ఐదేళ్ల వరుస సర్వీసు నాకు లేదన్నారు, ఏటా జూన్‌లో కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చేవాళ్లు కాబట్టి. ఆర్డర్లు ఇచ్చింది నిజం. మే నెల జీతం ఒక్క ఏడాది కూడా ఇవ్వలేదు, అదీ నిజం. హాజరు రిజిస్టర్లో మే పేజీ తిప్పితే మా పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత ఉంటుంది. అలాంటి గీతలు నా పేరు మీద పదకొండు. కానీ ఆ మే ఎండల్లోనే అడ్మిషన్ల కోసం మమ్మల్ని వీధివీధీ తిప్పారు. ఆ తిరుగుడు దేని కింద లెక్క?

ఇంకొకటి ఉంది. సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే "నాకు రావలసినవన్నీ ముట్టాయి" అని రాసివ్వమన్నారు. రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ కాగితమే చూపిస్తున్నారు. నాకు నిజంగా ఏమీ రాదా?

రిటైర్డ్ సూపరింటెండెంట్:

అమ్మా, కార్మిక శాఖలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీకు వస్తుంది.

టీచర్లకు వర్తించదన్న మాట ఒకప్పుడు నిజమే. 2004లో సుప్రీంకోర్టు, 1972 గ్రాట్యుటీ చట్టంలో ఉద్యోగి అన్న నిర్వచనంలోకి టీచర్లు రారని తీర్పిచ్చింది. ఆ లోటు పూడ్చడానికే పార్లమెంటు 2009లో నిర్వచనం మార్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెళ్లాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చేసింది. మీ ఆఫీసువాళ్లు 2004 దగ్గరే ఆగిపోయారు. మీరు చేరిందే 2012లో. స్కూల్లో పదిమంది సిబ్బంది ఉంటే చాలు, మీరు మానేసిన 2024లో అమల్లో ఉన్న ఈ చట్టమే మీకు వర్తిస్తుంది.

ఎర్ర గీతల సంగతి. చట్టంలో 2ఎ సెక్షన్ చదవండి. ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగినట్టు కాదు. వేసవికి బడి మూసింది మీరు కాదు కదా! ఏటేటా కొత్త ఆర్డర్ చేతిలో పెట్టి పాత సర్వీసు చెరిపేసే ఎత్తు నా సర్వీసులో ఎన్నో ఫైళ్లలో చూశాను. అదే స్కూలు, అదే సబ్జెక్టు, ఏటా జూన్‌లో మళ్లీ అదే మనిషి. పైగా మే నెలలో అడ్మిషన్లకు తిప్పారంటున్నారు, అది కూడా పనే. అర్జీలో తప్పకుండా రాయండి.

ముట్టాయని రాసిచ్చిన కాగితానికి భయపడొద్దు. ఈ చట్టానికి విరుద్ధంగా ఏ ఒప్పందం ఉన్నా చట్టం మాటే నెగ్గుతుందని 14వ సెక్షన్ చెప్తోంది. ఆ సంతకం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి.

లెక్క మీకు నేను చెప్పేదేముంది. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక్క ఏడాదికి వచ్చేది. 18,200కి 10,500 అవుతుంది. మీ సర్వీసు 11 ఏళ్ల 11 నెలలు, ఆరు నెలలు మించిన ముక్కని ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి 12. మొత్తం 1,26,000. జీతంలో ఇంటద్దె అలవెన్సు విడిగా చూపించి ఉంటే దాన్ని తీసేసి లెక్కేస్తారు. ఒకే మొత్తంగా ఇచ్చారా, విడగొట్టారా, పే స్లిప్ చూసుకోండి.

ముందు గ్రాట్యుటీ కోరే అర్జీ, ఫారం-ఐ నింపి స్కూలుకి రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. చేత్తో ఇస్తే తీసుకోలేదంటారు. పదిహేను రోజుల్లో ఇస్తామనో, ఇవ్వం, ఎందుకంటే ఇదనో రాతపూర్వకంగా చెప్పాలి. కాదన్నా, పలక్కపోయినా ఫిర్యాదు ఫారం-ఎన్‌తో గ్రాట్యుటీ తగాదాలు తేల్చే అధికారి, అంటే కంట్రోలింగ్ అథారిటీ దగ్గరికి వెళ్లండి. అది ఏ అధికారో మీ జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో చెప్తారు. గడువు దాటిందని వెనకాడకండి, ఆలస్యానికి కారణం రాస్తే పరిశీలిస్తారు. అసలు మీరు అడిగినా అడక్కపోయినా లెక్కగట్టి ముప్పై రోజుల్లో ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. ఇవ్వకపోతే ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ, మీ విషయంలో ఏటా 12,600.

చిన్న బడి కరస్పాండెంట్:

మేడమ్, నేను అవతలి పక్షం మనిషిని. మా బడిలో టీచర్లు, ఆయాలు, డ్రైవర్లు కలిపి 23 మంది. 2022 తీర్పు వచ్చినప్పుడు నాకూ గుండె గుభేల్మంది. ఫీజులు సగం సంక్రాంతి దాటితే గానీ రావు, ఒకేసారి ఇద్దరు పాత టీచర్లు మానేస్తే రెండు మూడు లక్షలు ఎక్కడ తేవాలి? అందుకే ఆ ఏడాది నుంచి ఒక్కొక్కరి పేరున ఏటా పదిహేను రోజుల జీతం పక్కన పెడుతున్నాం. ఎల్.ఐ.సి. గ్రూపు గ్రాట్యుటీ పథకం కూడా ఉంది. యాజమాన్యాలు ఇది ముందునుంచీ చేసుకుంటే ఎవరికీ భారం కాదు.

మాకూ హక్కులున్నాయి. నోటీసు లేకుండా విద్యాసంవత్సరం మధ్యలో వెళ్లిపోతే పిల్లలు నష్టపోతారు, ఒప్పందంలో ఉంటే నోటీసు జీతం అడగొచ్చు. కానీ దాన్ని గ్రాట్యుటీలో కోసుకునే వీల్లేదని మా ఆడిటర్ గట్టిగా చెప్పారు. తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల విషయంలోనే, అదీ చట్టంలో రాసిన కారణాలకే, ఆపే వీలుంది. మీరు నోటీసిచ్చి, పేపర్లు దిద్ది మరీ వెళ్లారు. మీకివ్వాల్సింది ఇవ్వకపోవడం తప్పు.

సోషల్ టీచర్:

మేడమ్, నా గ్రాట్యుటీ కేసులో స్కూలువాళ్లు రిజిస్టర్లు పోయాయన్నారు. నన్ను కాపాడింది పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్ ఆర్డర్లు. అవి విద్యాశాఖ నుంచి వస్తాయి, మన పేరు, స్కూలు పేరు, తేదీ అన్నీ ఉంటాయి. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లుంటే ఆ ఆర్డర్లు కూడా వెతకండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు మొత్తం తీయించండి. పీఎఫ్ కట్టి ఉంటే పాస్‌బుక్‌లో చేరిన తేదీ ఉంటుంది. మీ సంతకమున్న పాత ప్రోగ్రెస్ కార్డులు పూర్వ విద్యార్థుల ఇళ్లలో దొరుకుతాయి, అడగడానికి మొహమాటపడకండి.

రిటైర్డ్ సూపరింటెండెంట్:

సోషల్ టీచర్ గారు చెప్పింది బంగారం లాంటి మాట. ఇంకో సంగతి. కంట్రోలింగ్ అథారిటీ ఆర్డర్ మీకు అనుకూలంగా వచ్చాక స్కూలు అప్పీలుకి వెళ్లాలంటే ముందు ఆ సొమ్ము డిపాజిట్ చేయాలి. అప్పీలు పేరుతో ఏళ్ల తరబడి నానబెడతామని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి.

లెక్కల టీచర్ (19 జూన్ 2025):

అందరికీ నమస్కారాలు. పే స్లిప్పులు చూశాను, జీతం ఒకే అంకెగా ఉంది, ఇంటద్దె విడిగా లేదు. 2016 వరకు రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని చేతికిచ్చేవాళ్లు, ఆ తర్వాతవి బ్యాంకులో ఉన్నాయి. మొదటి నాలుగేళ్లకు ఏం చూపించాలా అని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. బీరువా పైన అట్టపెట్టె దించితే 2013, 2014, 2015 ఇన్విజిలేషన్ ఆర్డర్లు మూడూ దొరికాయి. 2013ది మడతల దగ్గర చిరిగింది గానీ స్కూలు పేరు, తేదీ చక్కగా కనిపిస్తున్నాయి.

ఇవాళ పొద్దున ఫారం-ఐ పోస్టు చేశాను. మే నెల అడ్మిషన్ల తిరుగుడు సంగతి కూడా జతచేశాను. నాతోపాటు తిరిగిన హిందీ టీచర్, ఏ వీధులు తిరిగామో తనూ రాసిస్తానంది. ఆవిడ ఇంకా అక్కడే పనిచేస్తోంది. ఆవిడ ఉద్యోగానికి ముప్పు రాకుండా ఇది ఎలా చేయాలో ఎవరైనా చెప్పగలరా?