జనం ఉన్న అలల్లోకి ఫాయిల్ బోర్డు తేవచ్చా?

లిండామార్ నాన్న:
కాలిఫోర్నియాలోని పసిఫికాలో, లిండా మార్ బీచ్‌లో మా పాప సర్ఫింగ్ నేర్చుకుంటోంది. పోయిన శనివారం ఒకాయన ఫాయిల్ మీద, అంటే నీళ్లలో ఉండే రెక్కలు పైకి లేపే బోర్డు మీద, నీళ్లకు జానెడు పైన తేలుతూ వచ్చి, సరిగ్గా పిల్లల మధ్యలో పడ్డాడు. బోర్డు తిరగబడింది. దాని కింద ఉండే మాస్ట్ అనే నిలువు కడ్డీ, దాని చివరి రెక్కలు పైకి లేచాయి. పాపకీ దానికీ మధ్య బారెడు దూరం కూడా లేదు. తర్వాత ఒడ్డున ఆ రెక్కను దగ్గరగా చూశాను. వెనకంచు కత్తిపీటలా సన్నగా ఉంది. జనం ఉన్నచోట వీటిని పూర్తిగా ఆపేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

శాంటాక్రూజ్ ఫాయిలర్:
మీ భయం న్యాయమే అన్నా. కానీ తొమ్మిదడుగుల లాంగ్‌బోర్డు తగిలినా తల పగులుతుంది, దాన్ని ఎవరూ ఆపమనరు కదా. పడేటప్పుడు బోర్డును దూరంగా తన్నేసి, రెండో పక్కకి దూకి, చేతులతో తల కప్పుకోవాలి. ఇవన్నీ వచ్చినవాణ్ని ఎందుకు ఆపాలి?

పొద్దుటి అల:
నేను సర్ఫింగ్, ఫాయిలింగ్ రెండూ చేస్తాను. బోర్డును దూరంగా తన్నితే మనం బతుకుతాం, నిజమే. పక్కన జనం ఉంటే అది వెళ్లేది వాళ్ల మీదికే కదండీ! బోర్డును కాలికి కట్టే లీష్ ఉన్నా, ఆ తాడు పొడవు మేర ఎటైనా తిరుగుతుంది.

అసలు చిక్కు అలలోనే ఉంది. ఫాయిల్‌కి నిటారుగా లేచి విరిగే అల అక్కర్లేదు, మెత్తగా పొంగితే చాలు. నేర్చుకునేవాళ్లకూ అలాంటిదే కావాలి. అందుకే ఇద్దరూ ఒకేచోట చేరతారు.

సర్ఫింగ్‌లో అల విరిగే చోటుకి ఎవరు దగ్గరుంటే అల వాళ్లది. ఫాయిల్ మీద ఉన్నవాడు అల విరగకముందే, అందరికంటే ముందు పట్టేస్తాడు. ఒడ్డు దగ్గరికొచ్చాక కాళ్లతో పంప్ చేస్తూ, అంటే బోర్డును కిందికీ పైకీ ఆడిస్తూ, వెనక్కి తిరిగి, ఇంకో అలనూ అందుకుంటాడు. అరగంటగా కాచుకుని కూర్చున్నవాడికి ఒళ్లు మండదా? నాకైతే రూల్ ప్రకారం అల నాదే అయినా, ముందు మనుషులుంటే వదిలేస్తాను. వంద గజాలు పక్కకి వెళ్తే నాకు విరగని అలలు కావలసినన్ని దొరుకుతాయి. సర్ఫర్‌కి ఆ వీలు లేదు. వీలున్నవాడే పక్కకి జరగాలి.

ఇంకోటి, మాస్ట్ నీళ్లలోకి ముప్పావు మీటరు దాకా దిగుతుంది. నడుంలోతు నీళ్లలో, నురుగులో బోర్డు మన చేతిలో ఉండదు. లోపలికి వెళ్లేటప్పుడు కూడా పిల్లల మధ్య నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి.

శాంటాక్రూజ్ ఫాయిలర్:
తన్నడం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. పూర్తి నిషేధానికి మాత్రం ఒప్పుకోను. మామూలు రోజుల్లో పొద్దున ఆరింటికి నీళ్లలో నలుగురం కూడా ఉండం.

లిండామార్ నాన్న:
ఆరింటికి హాయిగా దిగండి తమ్ముడూ, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. నేనడిగేది శనివారం పదింటి సంగతి.