ప్లేటో ఫిలో బాణీ పట్టాడా, ఫిలో ప్లేటో బాణీ పట్టాడా?

తెలుగులోకి ఎలా తేవాలో తేలక చాలా రోజులుగా నన్ను వదలని ఒక గ్రీకు సామెత ఇది: "ఏ ప్లాటోన్ ఫిలోనిజెయ్, ఏ ఫిలోన్ ప్లాటోనిజెయ్." పై శీర్షిక దానికి నా ప్రయత్నం.

ఫిలో 1వ శతాబ్దపు అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త. మోషే ధర్మశాస్త్రాన్ని గ్రీకు తత్వం వెలుగులో వ్యాఖ్యానించాడు. ఆయన పుట్టేసరికి ప్లేటో పోయి 300 ఏళ్లు దాటింది.

మనిషి పేరునే క్రియ చేయడంలో ఉంది ఈ సామెత అందమంతా. గ్రీకులో పేరుకు '-ఇజో' చేరితే 'అతనిలా మాట్లాడు, అతని తీరున నడుచు' అని అర్థం. మనకూ '-ఇంచు' ఉంది కదా అని 'ఫిలోనించు' అని చూశాను. కుదరలేదు. 'నవ్వించు', 'చేయించు' విన్న చెవికి అది ఎవరిచేతో ఏదో చేయించినట్టు ఉంటుంది.

బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన క్రైస్తవ పండితుడు జెరోమ్‌కూ లాటిన్‌లో ఇదే చిక్కు వచ్చిందని నా నమ్మకం. 392 ప్రాంతంలో ప్రసిద్ధ క్రైస్తవ రచయితల మీద రాసిన పుస్తకంలో సామెతను గ్రీకులోనే ఉంచి, 'ప్లేటో ఫిలోను అనుసరిస్తాడు, లేదా ఫిలో ప్లేటోను' అని లాటిన్‌లో విప్పి చెప్పాడు. క్రియలోని చమత్కారం పోయింది. అందుకేనేమో, భావంలోనూ శైలిలోనూ అంత పోలిక ఉందని విడిగా చెప్పాల్సి వచ్చింది.

యూదుడైన ఫిలో ఆ క్రైస్తవ రచయితల పుస్తకంలోకి ఎలా వచ్చాడని ఒకరు అడిగారు. అలెగ్జాండ్రియా దగ్గర థెరప్యూటే అనే సన్యాసుల గురించి ఫిలో రాశాడు. 4వ శతాబ్దంలో చర్చి చరిత్రకారుడు యూసేబియస్ వాళ్లను తొలి క్రైస్తవులనుకున్నాడు. ఫిలో రోమ్‌లో యేసు శిష్యుడు పేతురును కలిశాడన్న కథ కూడా చెప్పాడు. జెరోమ్ ఆ దారినే నడిచాడు. తర్వాత బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) నాటి బైబిల్ వ్యాఖ్యాన సంకలనాల్లో కొన్నిచోట్ల ఏకంగా 'బిషప్ ఫిలో' అయిపోయాడు! 9వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ చర్చి పెద్ద ఫోటియస్ మరో మెలిక చెప్పాడు: ఫిలో క్రైస్తవం పుచ్చుకుని మళ్లీ వదిలేశాడట. అయినా లేఖనాలను రూపకార్థంలో చదివే పద్ధతి చర్చిలోకి ఆయన నుంచే వచ్చిందని ఒప్పుకున్నాడు.

ఫిలోను క్రైస్తవుడనుకోవడం పొరపాటే. కానీ ఆ పొరపాటు లేకపోతే ఈ రచనలు మనదాకా వచ్చేవి కావేమో. గ్రీకు ప్రతులను తరతరాలుగా రాసి కాపాడింది క్రైస్తవులే. కొన్ని పుస్తకాలైతే ఆర్మేనియన్ అనువాదంలోనే మిగిలాయి. యూదు పండితుల్లో ఆయన మీద చర్చను 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన అజరియా దె రోస్సీ మళ్లీ లేవదీశాడు.

ఇక అనువాదం. 'అనుసరించు' అంటే శైలి జారిపోతోంది. పైన నేను పెట్టిన 'బాణీ పట్టు'లో శైలి వచ్చింది కానీ భావంలోని పోలిక రాలేదు. రెండూ ఇమిడే క్రియ ఎవరికైనా తడితే చెప్పండి.