పొద్దున్నే సిరప్ పోసి దింపేసి వెళ్తున్నారు, ఇంట్లో డేకేర్‌కి జ్వరం రూల్ ఎలా పెట్టాలి?

ఇజీనారం_గూడు:
అందరికీ నమస్తే అండి. విజయనగరంలో మా ఇంట్లోనే చిన్న డేకేర్ నడుపుతున్నాను, ఏడాది పిల్లల దగ్గర్నుంచి నాలుగేళ్ళ వాళ్ళ దాకా ఉంటారు. అమ్మలు ఎక్కువమంది ప్రైవేట్ స్కూల్ టీచర్లు, సచివాలయం వాళ్ళు, కొందరు రోజూ విశాఖ వెళ్ళొచ్చేవాళ్ళు. వానలు మొదలయ్యాయంటే ఒకటే గొడవ. పొద్దున్న పిల్లాడు బాగానే వస్తాడు, ఆడతాడు, పన్నెండయ్యేసరికి ఒళ్ళు కాలిపోతుంది, ఫోన్ చేస్తే "రాత్రి కొంచెం వెచ్చగా ఉంది ఆంటీ, పొద్దున్న సిరప్ పోసీసాం" అంటారు. మరి ఆ ముక్క దింపినప్పుడే చెప్పొచ్చు కదా. ఆ వారంలోనే మిగతా పిల్లలు కూడా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పడిపోతారు. మాది ఇల్లు, స్కూల్ కాదు, వేరే గది ఎక్కడుంది, ఒక హాలు, పిల్లల్ని పడుకోబెట్టే బెడ్‌రూము అంతే, పైగా మా అత్తగారు షుగర్ మనిషి.

ఎంత జ్వరం ఉంటే తీసుకురావద్దనాలి, తగ్గాక ఎప్పుడు రమ్మనాలి, ముక్కు కారుతున్నా ఆపీయాలా, రాని రోజులకి ఫీజు ఏం చెయ్యాలి? రాసిచ్చి సంతకం పెట్టించుకుందామంటే అందరూ తెలిసినవాళ్ళే, ఏమనుకుంటారో అని ఆగుతున్నాను.

సిక్కోలు_అప్ప:
చెల్లీ, తెలిసినవాళ్ళు కాబట్టే రాసివ్వాలి. నోటితో చెప్తే ఒకళ్ళకి ఒకలా ఇంకొకళ్ళకి ఇంకోలా చెప్పావంటారు. నేను శ్రీకాకుళంలో బలగ వైపు నడుపుతున్నాను, జాయిన్ చేసిన రోజే ఒక పేజీ ఇచ్చేస్తాను. 100.4 దాటితే ఆ రోజు వద్దు. సిరప్ వెయ్యకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే రావాలి, ఈ "సిరప్ వెయ్యకుండా" అన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో రాయి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. పారాసిటమాల్ పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే, ఏడింటికి పోస్తే పన్నెండింటికి నీ ఇంట్లో బయటపడక ఎక్కడ బయటపడుతుంది.

గుమ్మం దగ్గర "బాగున్నాడా" అని అడక్కు, అందరూ బాగున్నాడనే అంటారు. "రాత్రి నుంచి ఏ మందైనా వేశారా, ఎన్నింటికి వేశారు" అని అడిగి వాళ్ళ ముందే నోట్‌బుక్‌లో రాసుకో. కోపంగా కాదు, రోజూ అందరినీ అడిగే మాటలాగ అడుగు. నాకైతే సగం గొడవలు అక్కడే తీరిపోయాయి.

థర్మామీటర్ డిజిటల్‌ది తీసుకో, చంకలో పెట్టి చూడు, నోటితో చూసినదానికన్నా కాస్త తక్కువ చూపిస్తుంది అది గుర్తుంచుకో. ఎండలో బండి మీద వచ్చిన పిల్లకి నుదుటి మీద గన్ పెట్టి చూసి వెనక్కి పంపీయకు, ఫ్యాన్ కింద కాసేపు కూచోబెట్టి అప్పుడు చూడు.

రోజూ_రైలు_అమ్మ:
అప్ప చెప్పినవన్నీ సరే గానీ మా వైపు నుంచి కూడా ఒక మాట. నేను విజయనగరం నుంచి రోజూ విశాఖ వెళ్తాను, పాపకి రెండున్నరేళ్ళు. మేం సిరప్ పోసి దింపేది పిల్ల మీద ప్రేమ లేక కాదండి, ఒకరోజు సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది, నెలలో రెండోసారి అడిగితే సార్ మొహం మారిపోతుంది. "గంటలో వచ్చి తీసుకెళ్ళండి" అని రూల్ పెడతారు, మధ్యాహ్నం నాకు దొరికే ట్రైన్ ఎప్పుడో, బస్సెక్కినా గంటన్నర పైనే. మీరు కఠినంగా పెట్టేకొద్దీ మేం దాస్తాం, ఇది నిజం చెప్తున్నా.

మా డేకేర్ ఆవిడ చేసింది నాకు నచ్చింది. ఊళ్ళోనే ఉన్న ఇంకొక మనిషి పేరు, నెంబరు ముందే రాయించుకున్నారు, అమ్మమ్మో పిన్నో పక్కింటావిడో, మేం రాలేకపోతే వాళ్ళొచ్చి తీసుకెళ్తారు. ఆ ఫారం నింపేటప్పుడే మాకు ఎవరూ లేరని తెలిసొచ్చింది, అప్పుడు మా ఆడపడుచుని అడిగి ఒప్పించుకున్నాం. ఫీజు మాత్రం మొత్తం తీసుకుంటారు, వరసగా వారం రాకపోతే కొంత తగ్గిస్తారు. "నిజం చెప్పి ఇంట్లో ఉంచుకున్నా నష్టపోలేదు" అని మాకు అనిపించాలి కదా, అందుకే ఆ కొంచెం తగ్గించడం మంచిదే.

పిల్లల_వార్డు_సిస్టర్:
పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను. అంకె ఒక్కటే పట్టుకోవద్దు. 101 ఉండి కూడా ఆడుకుని నీళ్ళు తాగే పిల్ల ఉంటుంది, 99 ఉండి ఒళ్ళో వేలాడిపోయే పిల్ల ఉంటుంది, రెండో పిల్లే ఎక్కువ ప్రమాదం. పాలు మానెయ్యడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తియ్యడం, చాలాసేపు ఉచ్చ పొయ్యకపోవడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, ఇవి కనిపిస్తే థర్మామీటర్ ఏం చూపించినా వెంటనే హాస్పిటల్. రెండు మూడు నెలల లోపు బిడ్డకి 100.4 వచ్చిందంటే ఇంక ఆగి చూసే పనే లేదు, వెంటనే హాస్పిటల్.

ఉత్త ముక్కు కారడానికి ఆపకండి, వానాకాలం అంతా డేకేర్ ఖాళీ అయిపోతుంది. విరేచనాలు డైపర్‌లోంచి బయటికి వచ్చేస్తున్నా, రోజులో రెండుసార్లకి మించి వాంతి అయినా ఇంట్లో ఉంచాలి. తట్టు అయితే దద్దు కనిపించాక నాలుగు రోజులు, గవదలు వస్తే వాపు మొదలయ్యాక అయిదు రోజులు రాకూడదు. చేతులకీ కాళ్ళకీ నోట్లోనూ పొక్కులొచ్చే హెచ్‌ఎఫ్‌ఎండీ ఉంది చూడండి, అది మలంలో వారాల తరబడి పోతుంది, అన్నాళ్ళు ఆపలేం, జ్వరం తగ్గి పొక్కులు ఎండి అన్నం తింటుంటే రానివ్వొచ్చు, కానీ డైపర్ మార్చాక ప్రతిసారీ సబ్బుతోనే చేతులు కడగాలి, ఆ వైరస్‌కి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు. మన దగ్గర డెంగీ, మలేరియా కూడా ఉంటాయి, అవి పిల్ల నుంచి పిల్లకి అంటవు, దోమతో వస్తాయి, అలాంటప్పుడు పిల్లని ఆపేది విశ్రాంతి కోసం, మీరు చూడాల్సింది పెరట్లో నిలవ నీళ్ళు.

ఇంకొకటి, మందు మీ చేత్తో పొయ్యకండి. సిరప్ ఒకదాంట్లో 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములుంటే ఇంకోదాంట్లో 250 ఉంటుంది, డబ్బా ఒకేలా కనిపిస్తుంది. పొయ్యాల్సి వస్తే డాక్టర్ చీటీ, వాళ్ళు రాసిచ్చిన టైము, డోసు ఉండాలి. జ్వరానికి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళాలు పెట్టడం వద్దు, టైము చూసుకోండి, అయిదు నిమిషాలు దాటితే 108.

ఇజీనారం_గూడు:
సిస్టర్, అప్పా, రైలు అమ్మగారూ, చాలా థాంక్స్ అండి. పేజీ రాయడం మొదలెట్టేశాను. గంటలో రావాలి అన్నది తీసేసి, ఊళ్ళో ఉన్న రెండో మనిషి గంటలో రావాలి, అమ్మానాన్నా సాయంత్రం లోపు అని పెడుతున్నాను. మందు టైము నోట్‌బుక్ రేపటి నుంచే. ఫీజు కూడా వారం దాటితే తగ్గిస్తాను. ఇంకో డౌటు, అమ్మవారు (చికెన్‌పాక్స్) పోస్తే? ఒక పిల్లకి వచ్చిందని తెలిస్తే మిగతావాళ్ళని కూడా ఆపీయాలా?

పిల్లల_వార్డు_సిస్టర్:
వచ్చిన పిల్ల పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా రాకూడదు, మామూలుగా అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. స్నానం పోసిన రోజుతో లెక్క కాదు, ఒక్క నీటి పొక్కు ఉన్నా అంటుతుంది. మిగతా పిల్లల్ని ఆపి లాభం లేదు, పొక్కులు కనిపించే ఒకటి రెండు రోజుల ముందే అంటించేసి ఉంటుంది, వాళ్ళకి రావాలంటే 10 నుంచి 21 రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు. కానీ అదే రోజు అందరికీ మెసేజ్ పెట్టండి, ఏ పిల్లకని పేరు చెప్పకుండా. అమ్మల్లో ఎవరైనా కడుపుతో ఉంటే వాళ్ళకి ముందు ఫోన్ చేసి డాక్టర్‌ని అడగమనండి, చికెన్‌పాక్స్ టీకా ప్రభుత్వం వేసే టీకాల్లో ఉండదు కాబట్టి చాలామంది వేయించుకోరు.