ఇంత్రెచ్చాతో: నేతా, అల్లికా?

ఒక పత్రిక కోసం వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. కాస్త సాయం పట్టండి.

వ్యాసం బొత్తేగా వేనెతా అనే ఇటలీ తోలు సంచుల కంపెనీ గురించి. (మనవాళ్లు చాలామంది 'వెనీటా' అని దీర్ఘం మధ్యలో పెడతారు. ఇటలీలో ఊనిక మొదటి అక్షరం మీద.) 1966లో మికేలే తద్దేయి, రెంజో జెంజారో అనే ఇద్దరు విచెంజా ఊళ్లో మొదలుపెట్టారు. వీళ్ల సంచికి బయట పేరుండదు, అక్షరాలుండవు. సన్నటి తోలు పట్టీలు ఒకదాని మీంచి, ఇంకోదాని కిందనుంచి ఏటవాలుగా పోతూ గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. తెలిసినవాళ్లు దూరంనుంచే ఇది ఫలానావాళ్ల సంచి అనేస్తారు. ఆ పనికి పేరు ఇంత్రెచ్చాతో. 1975 నుంచీ చేస్తున్నారు.

ఇంగ్లిషులో ఎక్కడ చూసినా 'వీవ్' అనే ఉంది. నేనూ 'తోలు నేత' అని రాసి పంపేశాను. ఎడిటర్ గారు పక్కన ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు. మళ్లీ చదివితే నాకూ పంటికింద రాయిలాగే ఉంది. ఎందుకో మాత్రం చెప్పలేకపోతున్నాను.

మంగళగిరి నుంచి ఒకరు:

మాది మగ్గం ఇల్లు. నేను నేతే అంటాను. ఒక పోగు మీంచి, ఒక పోగు కిందనుంచి పోతే అది నేత కాక మరేమిటి? మీరు చెప్పిన దాంట్లో ఒక వైపు పట్టీలు పడుగు, రెండో వైపువి పేక. దారం బదులు తోలు, అంతే తేడా. నేత అంటే చీరే అనుకుంటే ఎలా?

పాదొవాలో చదువుకుంటున్న ఒకరు:

విచెంజా మాకు పక్క ఊరే, రెండూ వేనెతో ప్రాంతంలోవే. మాట లోపల ఏముందో చూడండి. 'త్రెచ్చా' అంటే జడ. 'ఇంత్రెచ్చారే' అంటే జడలా పెనవేయడం, అల్లడం. 'ఇంత్రెచ్చాతో' అంటే అలా అల్లినది. ఇక్కడ సంతలో వెల్లుల్లిపాయల్ని కాడలతో జడలా అల్లి వేలాడదీస్తారు, దాన్నీ త్రెచ్చా అంటారు. మొజరెల్లా జున్నును మెలిపెట్టి అల్లినా అదే మాట.

నేయడానికి ఇటాలియన్‌లో వేరే క్రియ ఉంది, 'తెస్సేరే'. దాన్నించే బట్టకి 'తెస్సూతో' అనే మాట వచ్చింది. చేతిలో ఆ మాట ఉండి కూడా విచెంజావాళ్లు తోలుకి వాడలేదు, జడ మాట వాడారు. ఇంగ్లిషువాళ్లకి వీవ్ అన్న ఒక్క మాటే బట్టకీ బుట్టకీ సరిపోతుంది. మనకి ఇటలీవాళ్లలాగే రెండున్నాయి. మధ్యలో ఇంగ్లిషు మీదుగా రావడంవల్ల ఒకటి జారిపోయింది.

ఇంకో మాట. ఆ తోలు పట్టీల్ని అక్కడ 'ఫెత్తూచ్చె' అంటారు. రిబ్బన్లు, నాడాలు అని అర్థం. హోటల్లో తినే ఫెత్తూచ్చీనె ఉంది చూశారూ, అది చిన్న రిబ్బన్లు!

రాజమండ్రి నుంచి ఒకరు:

నేను భాష చదువుకున్నదాన్ని కాదు గానీ ఇరవై ఏళ్లు వైరు బుట్టలు చేశాను. ఫోటో చూడగానే 'ఓస్, ఇదా' అనుకున్నాను. మా వీధిలో ఎవరూ 'బుట్ట నేశాను' అనరమ్మా, 'బుట్ట అల్లాను' అంటారు. వైరు పోవడం కూడా అలాగే, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. మగ్గం అన్నయ్యగారు చెప్పిన లెక్కన మేమంతా నేతగాళ్లమే! మేదరివాళ్లు వెదురు తట్ట అల్లుతారు, నవారు మంచం అల్లుతారు, తాటాకు చాప అల్లుతారు. కవితలూ కట్టుకథలూ కూడా అల్లుతారనుకోండి.

మంగళగిరి నుంచి మళ్లీ:

తుంగ చాపని మగ్గం మీద వేస్తే మాత్రం నేయడమే అంటారు, అక్కా. ఇది రాస్తుంటే నాకే తట్టింది. తాటాకు చాపకీ తుంగ చాపకీ తేడా అక్కడే ఉంది. పడుగు ముందే బిగించి, చట్రంలో పెట్టి, పేక కొడితే నేత. చేతివేళ్లే చట్రమైతే అల్లిక. సరే, ఆ సంచి మగ్గం మీద చేస్తారా?

పాదొవా నుంచి:

లేదు, చేత్తోనే. ఒక రకంలో కింద ఒక తోలు ముక్కకి వరసగా గాట్లు పెట్టి, వాటిలోంచి పట్టీలు దూరుస్తారు. 'కబా' అనే సంచి ఇంకా తమాషాగా ఉంటుంది. రెండు వైపులా ముఖమే ఉన్న పట్టీలతో సంచి మొత్తం అల్లేస్తారు. లోపల అస్తరు ఉండదు, అతుకూ కనిపించదు.

మంగళగిరి నుంచి:

అయితే అల్లికే. ఓడిపోయాను.

కరీంనగర్ నుంచి ఒక మాస్టారు:

అందరూ 'తోలు పట్టీలు' అంటున్నరు, నాకది దవాఖాన కట్టు లెక్క వినిపిస్తున్నది. తోలును సన్నగ కోస్తే దానికి మనకు మాట ఉన్నది గదా, వారు. చెప్పుల వారు, చెర్నాకోల వారు. బహువచనం వార్లు. 'తోలు వార్లతో అల్లిన సంచి' అని రాయున్రి.

రాజమండ్రి నుంచి:

మాస్టారూ, మాట బాగుంది. 'వారు అల్లుతారు' అని మాత్రం రాయకండి, ఎవరు ఎవర్ని అల్లుతున్నారో తెలీదు.

హైదరాబాద్ నుంచి ఒకరు:

అసలు కంపెనీ పేరుని తెలుగులో ఏం చేశారు? మొన్న ఒకచోట 'వెనిస్ దుకాణం' అని చూశాను. రెండు ముక్కలూ తప్పే. వెనిస్ ఊరికి చెందినదైతే 'వెనెత్సియానా' అవుతుంది. 'వేనెతా' అంటే వేనెతో ప్రాంతానికి చెందినది. విచెంజా ఆ ప్రాంతంలోదే, వెనిస్‌కి పడమర. ఆ జిల్లాలోని అర్జిన్యానో తోళ్లు ఊనే పరిశ్రమకి పేరుపడ్డ ఊరు, కాబట్టి సంచులవాళ్లకి సరుకు ఇంటి ముందే.

ఇక 'బొత్తేగా' ఒట్టి దుకాణం కాదు. వెర్రొక్కియో అనే శిల్పి బొత్తేగాలోనే కదా లియొనార్దో డావించి పని నేర్చుకున్నది. గురువు, శిష్యులు, పని, బేరం అన్నీ ఒక్క కప్పు కింద. మన కంసాలి కొట్టు లాంటిది. గ్రీకులో 'అపొథేకే' అంటే సరుకు దాచే కొట్టు. అది లాటిన్‌లోకి పోయి, అక్కణ్ణించి ఇటలీలో బొత్తేగా, స్పెయిన్‌లో బొదేగా, ఫ్రాన్సులో బుతీక్ అయింది. ఆ చివరిదే మన వీధి చివర జాకెట్లు కుట్టే 'లేడీస్ బొటిక్'. మా కాలనీలోనే నాలుగున్నాయి, నాలుగూ బొత్తేగా చుట్టాలే.

(వేనెతా అంటే వే-నేత, వెయ్యి నేతలు అని ఎవరైనా వ్యుత్పత్తి చెబితే నమ్మకండి. కానీ బాగుంది.)

మొదట పోస్టు పెట్టిన నేను:

అందరికీ దణ్ణాలు. 'నేత' ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడు తెలిసింది. నేత అనగానే మనకి బట్ట కళ్లముందు ఆడుతుంది, పలచగా, మడిచి పెట్టుకునేలా. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. కంపెనీ చెప్పే కథ ఇది: వాళ్ల ప్రాంతంలో ఉన్న కుట్టు మిషన్లు బట్టలకి పనికొచ్చేవి, మందపు తోలు మీద సూది దిగేది కాదు. సరే అని పల్చటి మెత్తటి తోలు తీసుకున్నారు. అది సంచి బరువు మోయలేదు. దాన్ని వార్లుగా కోసి అల్లేసరికి గట్టిపడింది. అందం కోసం మొదలైంది కాదు, సూది దిగక మొదలైంది.

అల్లిక అంటే చాలు, ఈ కథంతా అందులోకి వచ్చేస్తుంది. 'అల్లసానివాని అల్లిక జిగిబిగి' అని మనకి చాటువు ఉండనే ఉంది. జిగి అంటే మెరుపు, బిగి అంటే బిగువు. పెద్దనగారి పద్యానికి అన్నమాట ఈ తోలుకి ఎంత అతికిందో చూడండి. జిగి పల్చటి తోలుది, బిగి అల్లికది. వ్యాసానికి ఉపశీర్షిక దొరికేసింది.

ఇంకో చిక్కు మిగిలింది. ఈ కంపెనీకి 1970లనాటి ఒక ప్రకటన వాక్యం ఉంది. మాటకి మాట పెడితే 'మీ సొంత ఇనీషియల్స్ చాలినప్పుడు' అవుతుంది. ఇది తెలుగు కాదు. పైగా మనకి ఇనీషియల్ అంటే ఇంటిపేరు మొదటి అక్షరం. బళ్లో హాజరు పట్టీ గుర్తొస్తుంది.

కరీంనగర్ మాస్టారు:

పొడి అక్షరాలు అనున్రి. అంతకన్న మంచి మాట లేదు.

హైదరాబాద్ నుంచి:

అప్పటికే ఇతర కంపెనీలు తమ పొడి అక్షరాల్ని సంచి నిండా అచ్చేసేవి. వాటిని ఎత్తిపొడుస్తూ అన్నమాట అది. 'ఎప్పుడైతే' అని మొదలెడితే ఆ పోటు పోతుంది. మనం ఇలాంటిచోట 'ఉండగా... ఎందుకు' అంటాం. 'మీ పొడి అక్షరాలుండగా మావెందుకు?'

మొదట పోస్టు పెట్టిన నేను:

అదే పెట్టేస్తున్నాను. నా వంతు చిన్న సణుగుడు: 'మావెందుకు' అంటూనే ధర మాత్రం లక్షల్లో పుచ్చుకుంటారు. తెలిసినవాళ్లకి ఆ గళ్లే ఊరంత బోర్డు. పేరు రాయకపోవడం అణకువ అని నేను రాయను. చేవ్రాలు అని రాస్తాను. అల్లికే వాళ్ల చేవ్రాలు.

మధ్యలో ఒకసారి ఆ చేవ్రాలు మరిచిపోయారు కూడా. 1990ల చివర్లో పేరు కనబడే ఫ్యాషన్ల వెంట పడ్డారు. 2001లో గుచ్చీ గ్రూపు కొని, తోమాస్ మయర్ అనే జర్మన్ డిజైనర్ని పెట్టింది. ఆయన వస్తూనే పేర్లు తీసేయించి, కబా అల్లించాడు. 2006లో విచెంజాలో తోలుపని నేర్పే బడి కూడా తెరిచారు. తర్వాత 2018లో వచ్చిన డేనియల్ లీ అవే వార్లని లావుగా ఉబ్బించి దిండ్లలా చేశాడు. ఆయన తర్వాతి మత్యూ బ్లాజీ తోలు మీద అచ్చు వేయించి జీన్సు ప్యాంటులా భ్రమపెట్టాడు. 2025 నుంచి లూయీజ్ ట్రాటర్. ఇదంతా వ్యాసంలో నాలుగు పేజీలుంది, ఇక్కడ వద్దు.

రాజమండ్రి నుంచి:

ఆ తోలుపని బడి పేరేమిటమ్మా?

పాదొవా నుంచి:

'స్కువోలా దెల్లా పెల్లెత్తెరీయా'. 'పెల్లె' అంటే తోలు. ఒంటి చర్మాన్నీ పెల్లె అనే అంటారు. మనం ఒంటిదైతే చర్మం, చెప్పుదైతే తోలు అని విడదీస్తాం కదా.

మంగళగిరి నుంచి:

మా నాన్న విడదీసేవాడు కాదు. పేక తప్పు కొడితే 'తోలు తీస్తా' అనేవాడు.