యాభై దాటాక స్వెట్టర్ వేసుకుంటే పెద్దదానిలా కనిపించకుండా ఎట్లా? (చీర మీదకి, కుర్తీ మీదకి)

లెక్కల టీచర్, హన్మకొండ
అందరికీ నమస్తే. నాకు 53. ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తాను. పొద్దున్నే బస్సెక్కాలి, కాబట్టి డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా స్వెట్టర్ లేకుండా కుదరదు. నా దగ్గరున్నది పదిహేనేళ్ళ కిందటి మెరూన్‌ది. ముందు గుండీలు, రెండు పక్కలా జేబులు. మొన్న స్కూల్లో దిగిన గ్రూప్ ఫొటోలో నాకంటే ఆరేళ్ళు పెద్దదైన హెడ్ మేడమ్ నాకంటే చిన్నగా కనిపించింది. ఆమెదీ చీరే, ఆమె వేసుకున్నదీ స్వెట్టరే. తేడా ఎక్కడుందో ఫొటో జూమ్ చేసి చూసినా అంతుపట్టలేదు. జనవరి మొదటి వారంలో మా తోటి టీచర్ రిటైర్మెంట్ ఫంక్షన్ ఉంది. పొడవు ఎంత ఉండాలి, ఏ రంగు బాగుంటుంది, కొంగు ఏం చేయాలి, కుర్తీ మీదకి ఎట్లాంటిది, వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉట్నూరు కోడలు
అక్కా, మాది ఆదిలాబాద్ జిల్లా. మాకు చలి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, జనవరిలో టెంపరేచర్ పది డిగ్రీల కిందికి పడిపోతుంది. నేను పదేళ్ళు ఒకే లావుపాటి స్వెట్టర్ వేసుకుని పీపాలా తిరిగాను. ఇప్పుడు బ్లౌజు బదులు ఒంటికి అతుక్కునే నల్ల హైనెక్ వేసి, దాని మీద చీర కట్టి, పైన పల్చటి కార్డిగన్ (ముందు గుండీలుండే స్వెట్టర్) వేస్తున్నాను. రెండు పల్చటివి కలిస్తే ఒక లావుదానికన్నా వెచ్చగా ఉంటాయి, మధ్యలో గాలి నిలుస్తుంది కదా. మనిషి కూడా సన్నగా కనిపిస్తుంది. ఈ సంగతి ముందే తెలిస్తే మా అమ్మాయి పెళ్ళిచూపుల ఫొటోల్లో అట్లా ఉండేదాన్ని కాదు.

జగిత్యాల పిన్ని
కొంగు లోపలికే పోవాలి. ముందు కొంగు మడతలు సన్నగా పెట్టి భుజం మీద పిన్ను పెట్టుకోండి, తర్వాత స్వెట్టర్ తొడగండి. వెనక అంచు కింద నుంచి కొంగు వేలాడుతుంది. ఇంతకన్నా పద్ధతి లేదు.

సిద్దిపేట నేత చీర
పద్ధతి లేదా? గొల్లభామ చీర కట్టుకుని కొంగు స్వెట్టర్ కింద దాచేస్తారా పిన్నీ! నెత్తిన కుండ పెట్టుకుని నిలబడ్డ ఆ బొమ్మను మగ్గం మీద ఒక్కో పోగూ చేత్తో వేసి తీస్తారు. మా అత్తగారు నేసేవారు, నేను కళ్ళారా చూశాను. ఆ పనితనమంతా ఊలు కింద పడి నలిగిపోతుంటే నాకు ప్రాణం ఒప్పదు. ముందు కార్డిగన్ తొడుక్కోండి, దాన్నే బ్లౌజు అనుకుని దాని మీద కొంగు వేసుకోండి. పల్చటిది, మెడ దగ్గర వి ఆకారంలో ఉన్నది అయితే చాలు.

జగిత్యాల పిన్ని
అమ్మా, ఊలు మీద కొంగు నిలుస్తుందా? పిన్ను పెడితే అల్లిక పోగు లేచి చిల్లు పడుతుంది. నా దానికి రెండు పడ్డాయి. మీరు ఒకసారి చేసి చెప్తున్నారో ఊహించి చెప్తున్నారో తెలియదు.

సిద్దిపేట నేత చీర
ఊహించి చెప్పాల్సిన అవసరం నాకు లేదు. ఏడాదికి నాలుగు నెలలు అట్లాగే కట్టుకుంటాను. పిన్ను స్వెట్టర్‌కి కాదు, లోపలి బ్లౌజు భుజానికి అందేలా రెండు పొరల్లోంచి పెట్టాలి. వెనక చిన్న బట్టముక్క ఆనించండి, పోగు లేవదు.

సూదీదారం, కరీంనగర్
26 ఏళ్ళుగా బొటీక్ నడుపుతున్నాను, ఒక్క మాట వినండి. కొంగు ఎటుంటే ఏమిటి, భుజం సరిగ్గా లేకపోతే ఏదీ బాగుండదు. చెయ్యి కుట్టు భుజం ఎముక చివరన పడాలి. అర అంగుళం కిందికి జారిందా, భుజాలు వాలిపోయినట్టుంటాయి. యాభై దాటినవాళ్ళకు చేసే మొదటి ద్రోహం అదే. మెడ దగ్గర నుంచి చంక దాకా ఏటవాలు కుట్టు ఉంటే దాన్ని రాగ్లాన్ అంటాం, వాలు భుజాలవాళ్ళు అది కొనొద్దు. మీకో సంగతి. రాగ్లాన్, కార్డిగన్, మంకీ క్యాప్‌కి ఇంగ్లీషులో అనే బాలక్లావా, మూడు పేర్లూ ఒకే యుద్ధంతో ముడిపడ్డవి. రష్యా మీద ఇంగ్లీషువాళ్ళు చేసిన క్రిమియా యుద్ధం. 1854లో బాలక్లావా ఊరి దగ్గర గుర్రపు దళాన్ని నడిపింది కార్డిగన్ ప్రభువు, అక్కడి ఇంగ్లీషు సైన్యం మొత్తానికి పెద్ద రాగ్లాన్ ప్రభువు. రాగ్లాన్ అంతకుముందే వాటర్లూలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇవి తెలియనివాళ్ళు కూడా ఇప్పుడు డిజైనర్లమని బోర్డులు పెడుతున్నారు.

పెద్దపల్లి వదిన
సూదీదారం గారూ, చరిత్ర బాగుంది కానీ అడిగిన మేడమ్‌కి పొడవు ఎంతో చెప్పలేదు. చీర మీదకి అయితే కుచ్చిళ్ళు దోపుకున్న చోటు నుంచి రెండు మూడు వేళ్ళ కింద ఆగాలి. తొడల దాకా వస్తే మనిషి రెండు ముక్కలైనట్టు ఉంటుంది. కుర్తీ మీదకి అయితే కుర్తీ అంచుకి బాగా పైనన్నా ఉండాలి, బాగా కిందన్నా ఉండాలి. రెండు అంచులూ దగ్గర దగ్గరగా ఉంటే లోపలి బట్ట జారి బయటపడిందేమో అనిపిస్తుంది.

గోదావరిఖని రిటైర్డ్
నాకు 61. మగవాళ్ళ స్వెట్టర్ గురించి కూడా ఎవరైనా చెప్తారా? చొక్కా మీద వేస్తే పొట్ట దగ్గర గుండీలు పట్టడం లేదు.

భద్రకాళి చెరువు గట్టు
అందరూ ఒక విషయం మర్చిపోతున్నారు. నాకు 49. నెలసరి ఆగే దశ. చలిలో వణుకుతూ స్వెట్టర్ వేసుకుంటాను, ఉన్నట్టుండి లోపల్నుంచి మంట లేచి మెడ, ముఖం చెమటతో తడిసిపోతాయి. రెండు నిమిషాల్లో మళ్ళీ చలి. మా బ్యాంకులో కౌంటర్ ముందు క్యూ ఉండగా అట్లా వచ్చినప్పుడు నెత్తి మీద నుంచి తీసే స్వెట్టర్ అయితే తీయలేక ఏడుపొచ్చింది. అప్పటి నుంచి ముందు గుండీలున్నదే కొంటున్నాను. సిద్దిపేట అక్కా, మీరు చెప్పినట్టు కొంగు పైన వేసుకుంటే దాన్ని విప్పేదెట్లా? చీర మొత్తం విప్పాలి. మధ్యాహ్నానికి మన దగ్గర ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు.

జగిత్యాల పిన్ని
నేను మొదటి నుంచీ అదే చెప్తున్నా.

సిద్దిపేట నేత చీర
మీరు మొదటి నుంచీ చెప్పింది పద్ధతి గురించి. చెల్లె చెప్పింది ఒంటి బాధ గురించి. రెండూ ఒకటి కావు. చెల్లె మాట ఒప్పుకుంటాను. రోజూ డ్యూటీకి లోపలే వేసుకోండి, రెండు గంటల ఫంక్షన్‌కైతే కొంగు బయట వేసుకోండి. కానీ నేసిన చీరను దాచడమే మర్యాద అంటే మాత్రం ఒప్పుకోను.

కాజీపేట జంక్షన్
ఎక్కడ కొనాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నా అనుభవం చెప్తా. చలికాలం రాగానే రోడ్డు పక్క వరసగా స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా, అట్లాంటి ఒక చోట ప్యూర్ వూల్ అంటే నమ్మి రెండు కొన్నాను. నెల తిరక్కుండా చంకల కింద, మోచేతుల దగ్గర చిన్న చిన్న ఉండలు కట్టాయి. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూశాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఇది కరిగి నల్లటి గట్టి పూస అయింది. పూర్తిగా అక్రిలిక్ అనే సింథటిక్ దారం.

పెద్దపల్లి వదిన
అన్నా, నేను పదేళ్ళుగా వాళ్ళ దగ్గరే కొంటున్నా. సరుకు ఎక్కువగా లూధియానా నుంచి వస్తుంది. అక్రిలిక్కే అని ముందే చెప్పి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అయినా అక్రిలిక్‌ని తీసిపారేయకండి. దురద పెట్టదు, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. ఇస్త్రీ పెట్టె మాత్రం బాగా వేడిగా తగలనివ్వొద్దు.

మానేరు గట్టు
ఉన్ని గురించి మాట్లాడుతూ మన గొంగడిని ఒక్కరూ తలవలేదు. మా తాత కురుమ. నల్ల గొర్రె బొచ్చు వడికి, పడుగుకి, అంటే నిలువు పోగులకి, చింతగింజల గంజి పట్టించి నేసేవాడు. దాన్ని కప్పుకుంటే వాన కూడా తొందరగా లోపలికి దిగదు. ఇప్పుడు అదే ఉన్నితో కోట్లు, సంచులు చేస్తున్నారు. మేడమ్, మెత్తటి కాటన్ అస్తరు వేయించిన గొంగడి కోటు చేనేత చీర మీద వేసుకుని చూడండి. ఏ కార్డిగనూ దాని ముందు నిలవదు.

ఉట్నూరు కోడలు
గుచ్చుకోదా?

మానేరు గట్టు
గుచ్చుకుంటుంది. అందుకే అస్తరు అన్నాను. మెడ దగ్గర కూడా బట్ట పట్టీ వేయించాలి.

సూదీదారం, కరీంనగర్
గొంగడి బట్టను కత్తిరిస్తే అంచు పోగులు ఊడిపోతాయి, అందరు టైలర్లూ కుట్టలేరు. నేను ఆరు కుట్టాను. నాలుగు బాగా వచ్చాయి.

భద్రకాళి చెరువు గట్టు
ఉన్నిది కొనేవాళ్ళు నాలా చేయకండి. మా అబ్బాయి మొదటి జీతంతో మెరినో (మెత్తటి గొర్రె ఉన్ని) కార్డిగన్ కొనిచ్చాడు. నేను ఊళ్ళో లేనప్పుడు దాన్ని వాషింగ్ మెషిన్‌లో వేడినీళ్ళలో వేశారు. బయటికి తీస్తే పక్కింటి ఎనిమిదేళ్ళ పాపకి సరిపోయేలా, తోలులా బిర్రబిగిసింది. లాగినా సాగలేదు. చల్లటి నీళ్ళు, కొంచెం షాంపూ, పిండకుండా టవల్‌లో చుట్టి నొక్కి, మంచం మీద పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేస్తే నీళ్ళ బరువుకి సాగుతుంది. హ్యాంగర్‌కి తగిలిస్తే భుజాల దగ్గర కొమ్ములు లేస్తాయి. ఎండాకాలం మడతపెట్టి వేపాకు వేస్తాను. కలరా ఉండల వాసన మాత్రం ఎన్ని రోజులైనా పోదు, ఫంక్షన్‌కి వేసుకుంటే పక్కనున్నవాళ్ళకు తెలిసిపోతుంది.

పెద్దపల్లి వదిన
టీచర్ గారూ, ఒకటి అడుగుతాను. మీ మెరూన్ స్వెట్టర్ జేబుల్లో ఏం పెడతారు?

లెక్కల టీచర్, హన్మకొండ
సుద్దముక్కలు, ఇంటి తాళాలు, ఫోను, ఒక్కోసారి పిల్లల దగ్గర లాక్కున్న బలపాలు.

పెద్దపల్లి వదిన
అదే వదినా. ఆ బరువంతా ముందుకి లాగి భుజాల్ని కిందికి దించుతోంది. ఫొటోలో తేడా అక్కడుండొచ్చు. హెడ్ మేడమ్ జేబులు ఖాళీగా ఉన్నాయేమో చూడండి.

సూదీదారం, కరీంనగర్
ఇది నేను చెప్పాల్సిన మాట. జేబులు ఉన్నది కొన్నా, జేబు నోరు లోపల్నుంచి కుట్టేయించండి.

లెక్కల టీచర్, హన్మకొండ
మళ్ళీ వచ్చాను. ఫంక్షన్ నిన్న అయింది. మీ మాటలన్నీ చదివాక పాత ఫొటో మళ్ళీ చూశాను. హెడ్ మేడమ్ స్వెట్టర్‌కి జేబులే లేవు. భుజం కుట్టు సరిగ్గా ఎముక మీద ఉంది, నాది చెయ్యి మీదకి దిగింది. పాతది స్కూల్ బ్యాగుల మీద కప్పడానికి ఇచ్చేసి, పల్చటి బూడిద రంగుది తీసుకున్నాను, కుచ్చిళ్ళకి మూడు వేళ్ళ కింద ఆగేది. నాకు మెడ కొంచెం పొట్టి, వి మెడ బాగా పనికొచ్చింది. పైనా కిందా రెండేసి గుండీలు వదిలేసి మధ్యవి పెట్టాను, స్వెట్టర్ చేతుల్ని మోచెయ్యికి కొంచెం కింద దాకా పైకి లాగాను. గాజులు కనిపించాయి. కొంగు బయటే వేసుకున్నాను, నీలం గద్వాల చీర కాబట్టి. పిన్ని ఏమీ అనుకోవద్దు, స్కూలు రోజుల్లో లోపలే వేస్తాను. ఫొటో మా అమ్మాయికి పంపితే, పుణె నుంచి వెంటనే ఫోన్ చేసి రంగు ఏమిటి, ఎంతకి తీసుకున్నావని అడిగింది.

గోదావరిఖని సార్, మీ ప్రశ్న ఎవరూ చూడలేదు. మావారికీ పొట్ట ఉంది. చొక్కాకన్నా ముదురు రంగులో ఒక సైజు పెద్దది కొన్నాం, కింది గుండీ పెట్టరు. భుజం వెడల్పు ఎక్కువైందని టైలర్ దగ్గర లోపలికి కుట్టించాం. మీరు కూడా భుజాలు కొలిపించుకుని వెళ్ళండి.

గోదావరిఖని రిటైర్డ్
చాలా థాంక్స్ మేడమ్. మంచిర్యాలలో ఈ పని బాగా చేసే టైలర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఆదివారం అటు వెళ్తున్నాను.