ఆట నడిపేవారు ‘మనం’ అనవచ్చునా?

టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ అల్లుకుంటూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలను తెలుగులో నడిపేటప్పుడు గేమ్ మాస్టర్ (కథాలోకాన్ని వర్ణిస్తూ ఆట నడిపేవారు) ఆటగాళ్లతో ‘మీరు’ అని మాట్లాడాలా, ‘మనం’ అని మాట్లాడాలా అని ఒక సభ్యులు అడిగారు. రెండింటికీ చోటుందని నా అభిప్రాయం. ఏది ఎక్కడ వాడాలన్నది మాత్రం మర్యాదను బట్టి కాక, కథలో ఆ భాగం మీద ఎవరికి అధికారం ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వెలువడిన నాటి నుంచీ స్థూలంగా నడుస్తున్న పద్ధతిలో లోకమంతా గేమ్ మాస్టర్‌ది, తన పాత్ర చేసే పని ఆటగాడిది. కనుక ‘తలుపు మూసి ఉంది, మీరేం చేస్తారు?’ అనడమే సరైనది. అక్కడ ‘మనం తలుపు తెరుస్తున్నాం’ అంటే ఆటగాడి నిర్ణయాన్ని లాగేసుకున్నట్టే.

ఆటగాళ్ల మాటలు మరింత గమనించదగ్గవి. ‘మనం తలుపు తెరుద్దాం’ అంటే అది తమలో తాము చేసుకుంటున్న ఆలోచన; ‘మేము తలుపు తెరుస్తాం’ అంటే అది గేమ్ మాస్టర్‌కు తెలియజేసిన నిర్ణయం. ‘-దాం’ వినేవారిని కలుపుకొనే వస్తుంది కాబట్టి ‘మేము తెరుద్దాం’ అని ఎవరూ అనరు. ఇంగ్లీషు ‘వి’లో వినేవారు ఉన్నారో లేరో తెలియదు గనుక, ఆ భాషలో ఆడేచోట అది ఆలోచనా, నిర్ణయమా అని మళ్లీ అడగవలసి వస్తూ ఉంటుంది. (తమిళులకు నామ్, నాంగళ్ ఉన్నాయి కాబట్టి ఈ సౌకర్యం వారికీ ఉంది, హిందీలో ఆడేవారికి లేదు.)

ఇక గేమ్ మాస్టర్ నోట ‘మనం’ ఎప్పుడు పొసగుతుంది? ఆటగాళ్ల చేత లోకాన్ని కూడా కల్పింపజేయాలనుకున్నప్పుడు. 2010లో వెలువడిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట, రెచ్చగొట్టే ప్రశ్నలు వేసి వచ్చిన జవాబుల మీద కథ కట్టమని నడిపేవారికి నియమంగానే చెబుతుంది. ఉదాహరణకు, ‘పూటకూళ్లావిడ మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది, ఆవిడకు మీరేం బాకీ?’ అని అడిగితే, ‘పోయినేడు వరదల్లో ఆవిడ పడవ తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు’ అని ఆటగాడు అప్పటికప్పుడు అల్లవచ్చు. ఆ ఊళ్లో ఏరుందని గేమ్ మాస్టర్ అప్పటిదాకా తలచనే లేదు. ఇప్పుడు ఏరూ ఉంది, వరదా వచ్చింది, బాకీ కూడా ఉంది. ‘మరి ఆ పడవ ఇప్పుడు ఎక్కడుందనుకుందాం?’ అని అందరి వైపూ తిరిగి అడగవలసింది ఇక్కడే. ఊహను, కలుపుగోలుతనాన్ని ఒకేసారి మోసే ‘అనుకుందాం’ కంటే ఈ పనికి తగిన క్రియ నాకు కనబడలేదు.

స్పందన: బుర్రకథలో వంతలు కథకుణ్ణి ప్రశ్నలడుగుతూ కథను ముందుకు నడపడం కూడా ఇలాంటిదే కదండీ?

సమాధానం: కొంతవరకే నండి. అక్కడ అడిగేది వంత, చెప్పేది కథకుడు; పైగా జవాబు ఇద్దరికీ ముందే తెలుసు, ప్రశ్న వేసేది ప్రేక్షకుల కోసం. ఇక్కడ కథ నడిపేవారే అడుగుతారు, జవాబు వారికీ తెలియకూడదు. తెలిసిన జవాబును మనసులో పెట్టుకుని ‘ఏమనుకుందాం?’ అంటే ఆటగాళ్లు ఇట్టే పసిగట్టి, తర్వాత ఏమడిగినా ‘మీరే చెప్పండి’ అనేస్తారు. బిడియపడేవారిని ‘ఈ ఊళ్లో ఏముంది?’ అని విశాలంగా అడగడం కంటే, ‘పడవ దొంగిలించింది నువ్వా, మీ అన్నా?’ అని ఇరుకుగా అడిగితే నోరు విప్పుతారు.