సీనియర్ డెవలపర్‌లో కంపెనీ ఏం చూడాలి: అల్గారిథమ్సా, నడుస్తున్న సిస్టమ్‌ని ఆపకుండా మార్చగలగడమా?

క్వెరీప్లాన్

సీనియర్ డెవలపర్ ఉద్యోగ ప్రకటన ఏది చూసినా వరస ఒకటే: ఎనిమిదేళ్ల అనుభవం, నాలుగు ఫ్రేమ్‌వర్కులు, కుబర్నెటీస్, కాఫ్కా, ఏదో ఒక క్లౌడ్. ఇంటర్వ్యూలో మాత్రం 40 నిమిషాల్లో బైనరీ ట్రీ తిరగేయమంటారు. చేరాక చేయాల్సిన పని ఈ రెండింటిలోనూ కనిపించదు. నా వాదన ఇది: జనం వాడుతున్న సిస్టమ్‌ని ఆపకుండా, డేటా పోకుండా మార్చగలగడమే సీనియర్ నుంచి ముందుగా ఆశించాలి. మిగతావి ఆ తర్వాతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 8 కోట్ల రికార్డులున్న టేబుల్. అందులో కొత్త కాలమ్ కావాలి, అది ఖాళీగా ఉండకూడదు, ఒక్కో రికార్డుకి విలువ విడిగా లెక్కగట్టాలి. అనుభవం లేనివాళ్లు ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణాన్ని మార్చే కమాండ్) నేరుగా నడిపేస్తారు. ఆ కమాండ్‌కి టేబుల్ మీద పూర్తి లాక్ (వేరెవరూ ముట్టుకోకుండా తాళం) కావాలి. అప్పటికే ఏ రిపోర్టు క్వెరీయో అరగంటగా నడుస్తుంటే ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది. తర్వాత వచ్చే ప్రతి క్వెరీ, డేటా చదివే మామూలు సెలెక్ట్ కూడా, ఆల్టర్ వెనక క్యూ కడుతుంది. కమాండ్‌కి పట్టేది మిల్లీసెకన్లే, అయినా సైట్ మొత్తం ఆగిపోతుంది.

తెలిసినవాళ్లు ఇలా చేస్తారు. ముందు లాక్ టైమౌట్ 2 సెకన్లు పెట్టి, ఖాళీ విలువలను ఒప్పుకునే కాలమ్‌గా చేర్చుతారు. లాక్ దొరక్కపోతే వదిలేసి కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తారు. కొత్తగా వచ్చే రికార్డుల్లో విలువ పడేలా కోడ్ విడుదల చేస్తారు. పాతవాటిని 5,000 చొప్పున నింపుతూ, మధ్యమధ్యలో ఆగి రెప్లికా (డేటాబేస్ నకలు) ఎంత వెనకబడిందో చూసుకుంటారు. తర్వాత ఖాళీ ఉండకూడదనే నియమాన్ని (చెక్ కన్‌స్ట్రెయింట్) నాట్ వ్యాలిడ్‌గా, అంటే పాత రికార్డులను అప్పుడే తనిఖీ చేయకుండా పెట్టి, విడిగా వ్యాలిడేట్ చేస్తారు. ఆ సమయంలో చదవడం, రాయడం ఆగవు. చివర్లో కాలమ్‌కి నాట్ నల్ (ఖాళీ కుదరదు) పెడతారు. వెర్షన్ 12 నుంచి పోస్ట్‌గ్రెస్ ఆ చెక్‌ని చూసుకుని టేబుల్ మొత్తాన్ని మళ్లీ వెతకదు.

ఈ వరస ఎందుకో చెప్పగలిగిన మనిషి కుబర్నెటీస్ పేరు వినకపోయినా నాకు సీనియరే.

పాయింటర్

క్వెరీప్లాన్ గారూ, మీరు చెప్పిన వరస తప్పని అనను. కానీ అది ఒక డేటాబేస్‌కి సంబంధించిన సమాచారం. మాన్యువల్‌లో ఉంది, వారంలో నేర్చుకోవచ్చు. వారంలో నేర్చుకోలేనిది పునాది. ఇంటర్వ్యూల మీద కోపంతో అల్గారిథమ్స్‌ని పక్కన పడేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

2019 జులై 2న, ఎన్నో వెబ్‌సైట్ల ముందు నిలబడి వాటిని కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ నెట్‌వర్క్ దాదాపు 27 నిమిషాలు పడిపోయింది. కారణం ఫైర్‌వాల్ రూల్‌లోని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (టెక్స్ట్‌లో నమూనాని వెతికే సూత్రం). అందులో ప్రమాదకరమైన ముక్క దాదాపుగా ఇది: .*.*=.* మొదటి రెండు భాగాలూ ఏ అక్షరాలనైనా మింగగలవు, కాబట్టి సరిపోలిక దొరకనప్పుడు ఇంజిన్ ఆ రెండింటి మధ్య ప్రతి విభజననీ ప్రయత్నించి చూస్తుంది. టెక్స్ట్ పొడవు రెట్టింపైతే పని కనీసం నాలుగు రెట్లవుతుంది. ప్రపంచవ్యాప్తంగా వాళ్ల మెషీన్లలో సీపీయూ 100 శాతానికి వెళ్లింది. ఇలా వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే బ్యాక్‌ట్రాకింగ్ ఎలా పనిచేస్తుందో తెలిసిన కన్ను ఆ ముక్క దగ్గర ఆగుతుంది. తెలియని కన్ను దాటిపోతుంది.

రోజువారీ కోడ్‌లోనూ ఇదే కథ. లూప్ లోపల లిస్ట్‌లో వెతుకులాట. టెస్టులో 200 ఐటమ్స్, గరిష్ఠంగా 40,000 పోలికలు, ఎవరికీ తెలియదు. అసలు డేటాలో 50,000 వస్తే 250 కోట్ల పోలికలు. లిస్ట్‌ని హ్యాష్ సెట్‌గా (వెతకగానే దొరికే అమరిక) మారిస్తే ఒక్క లైన్ మార్పుతో పోయే సమస్యకి పెద్ద సర్వర్ కొనే టీములు ఉంటాయి.

కాబట్టి అల్గారిథమ్స్ అడగండి. అడిగే తీరు మార్చండి. ట్రీ తిరగేయమనే బదులు పై లాంటి 60 లైన్ల కోడ్ చేతికిచ్చి, "డేటా పది రెట్లు పెరిగాక రాత్రి జాబ్ తెల్లారినా అవ్వట్లేదు, ఎందుకు?" అని అడగండి.

నైట్‌షిఫ్ట్

ఇద్దరూ కోడ్ సరిగ్గా నడిచినప్పటి సంగతే మాట్లాడుతున్నారు. సీనియర్ తేడా కనిపించేది కోడ్ సగంలో చచ్చిపోయినప్పుడు.

నేను చూడమనేది ఒకే ప్రశ్న: "పేమెంట్ సర్వీస్‌కి రిక్వెస్ట్ పంపారు, 5 సెకన్లకి టైమౌట్ అయింది. ఇప్పుడేం చేస్తారు?" మళ్లీ పంపుతాను అంటే జూనియర్ జవాబు. టైమౌట్ అంటే పని అవలేదని కాదు, అయిందో లేదో తెలియదని. డబ్బు కట్ అయిపోయి జవాబు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. అందుకే ఐడెంపోటెన్సీ కీ: ఒకే పని రెండుసార్లు జరగకుండా రిక్వెస్ట్‌తో పంపే గుర్తింపు. దాని పేరు చాలామందికి తెలుసు, ఎక్కడ చెడుతుందో తెలిసినవాళ్లు తక్కువ. రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, రీట్రై చేసిన ప్రతిసారీ కొత్త కీ తయారుచేయడం. అప్పుడు కీ ఉన్నా లేనట్టే. రెండు, సర్వర్ ముందు "ఈ కీ ఉందా?" అని చూసి, లేకపోతే రాయడం. ఒకే క్షణంలో రెండు రిక్వెస్టులు వస్తే రెండింటికీ "లేదు" అనే కనిపిస్తుంది, డబ్బు రెండుసార్లు పోతుంది. కీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే కీ రెండుసార్లు పడనివ్వని నియమం) ఉండాలి, కీ రాయడమూ పేమెంట్ నమోదూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ, లేకపోతే ఏదీ కాదు) జరగాలి.

తర్వాత రీట్రైల లెక్క అడగండి. ఒకదాని కింద ఒకటి మూడు సర్వీసులున్నాయి, పై నుంచి ప్రతి అంచెలోనూ మూడేసి ప్రయత్నాలు. అడుగున ఉన్న డేటాబేస్ కాస్త నెమ్మదిస్తే ఒక్క యూజర్ క్లిక్‌కి దాని మీద 27 కాల్స్ పడతాయి. తేరుకోవాల్సిన సమయంలోనే దాని గొంతు నులుముతున్నాం. రీట్రై ఒక్క అంచెలోనే ఉంచడం, మధ్య విరామం పెంచుకుంటూ పోవడం, అందులో కొంత యాదృచ్ఛికత కలపడం: ఈ మూడూ అడక్కుండానే రావాలి.

బ్యాకప్ గురించీ అడగండి. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో పొరపాటున ప్రధాన డేటాబేస్ డైరెక్టరీ తుడిచేశారు. రోజువారీ డంప్ (డేటా మొత్తం కాపీ) అంతకుముందు నుంచే ఫెయిలవుతోంది, వాడిన టూల్ వెర్షన్ 9.2, డేటాబేస్ 9.6. ఫెయిలైనట్టు చెప్పాల్సిన మెయిల్స్ ఎవరికీ చేరలేదు. ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఉండబట్టి అంతటితో సరిపోయింది. "బ్యాకప్ ఉంది" అనే సీనియర్ వేరు, "పోయిన నెల రీస్టోర్ చేసి చూశాం, ఇంతసేపు పట్టింది" అనే సీనియర్ వేరు.

ఒక్కపాత్ర

ఈ చర్చ ఇలాగే సాగితే ఒక మనిషి మీద డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు), ఆపరేషన్స్, సెక్యూరిటీ, ఆర్కిటెక్ట్, అన్నీ ఎక్కించేస్తాం. యాజమాన్యాలు మన పోస్టులు చదివి ప్రకటనలో ఇంకో పది లైన్లు చేర్చుకుంటాయి. జీతం మాత్రం ఒక్కరిదే.

ఒకటి రెండు విషయాల్లో లోతు, మిగతావాటిలో ఎక్కడ ఆగి తెలిసినవాళ్లని పిలవాలో తెలియడం. ఆశించాల్సింది ఇంతే. సొంతంగా ఎన్‌క్రిప్షన్ రాయనివాడు, ఆ పనికి పరీక్షకి నిలిచిన లైబ్రరీ పెట్టి సెక్యూరిటీ టీమ్‌కి చూపించేవాడు నాకు కావాలి. వాడికి సైఫర్ల గణితం రాకపోయినా నష్టం లేదు.

ఇంకో మాట. నైపుణ్యం అడిగే ముందు కంపెనీ ఏమిస్తోందో చూసుకోవాలి. 2012 ఆగస్టు 1న అమెరికా షేర్ల ట్రేడింగ్ కంపెనీ నైట్ క్యాపిటల్ కేవలం 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది. ఏళ్లుగా వాడని పాత కోడ్‌ని నడిపే ఫ్లాగ్‌నే (ఆన్-ఆఫ్ స్విచ్ లాంటిది) కొత్త పనికి మళ్లీ వాడారు, దాంతో ఎనిమిదో సర్వర్‌లో ఆ పాత కోడ్ లేచి ఆర్డర్లు పెట్టడం మొదలుపెట్టింది. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ 97 మెయిల్స్ పంపింది, వాటిని హెచ్చరికలుగా ఎవరూ చూడలేదు. డెప్లాయ్‌ని (కోడ్‌ని సర్వర్లలో పెట్టడాన్ని) రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమమే లేదని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. ఇందులో ఏ ఒక్క డెవలపర్ ప్రతిభని కొలుస్తారు?

విడుదల ఆపమని చెప్పే అధికారం లేని మనిషిని "జడ్జ్‌మెంట్ చూపించలేదు" అనడం తగదు. జనం వాడే ప్రొడక్షన్‌లో 8 కోట్ల రికార్డులుంటే స్టేజింగ్‌లో (విడుదలకి ముందు పరీక్షించే చోట) 500 పెట్టి, మైగ్రేషన్ (డేటాబేస్ మార్పు) ఎంతసేపు పడుతుందో ముందే ఎందుకు చెప్పలేదని నిలదీయడమూ అంతే.

సమీక్ష

ఎవరూ ఎత్తని సంగతి: రాయడం, ఎదుటివాళ్ల కోడ్ చదవడం. సీనియర్ రోజులో సగం ఇదే.

డిజైన్ నోట్ రెండు పేజీలు చాలు. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు, ఏడాదికి డేటా ఎంత పెరుగుతుంది, ఏ ప్రత్యామ్నాయాన్ని ఎందుకు వద్దనుకున్నాం, వెనక్కి ఎలా వెళ్తాం, ఏ దశ దాటాక వెళ్లలేం. ఈ ఆఖరిది ఉన్న నోట్స్ అరుదు. పాత కాలమ్ తీసేశాక రోల్‌బ్యాక్ బటన్ నొక్కినా ప్రయోజనం లేదు, పాత కోడ్ ఆ కాలమ్ కోసమే వెతుకుతుంది. ఆ గీత ఎక్కడుందో నోట్‌లో రాసిన మనిషి మీద నాకు నమ్మకం కుదురుతుంది.

కోడ్ రివ్యూలో "ఇది మార్చకపోతే మెర్జ్ చేయొద్దు", "ఇది నా అభిప్రాయం, మీ ఇష్టం" అనే రెండింటినీ విడగొట్టి రాయడం రావాలి. ఇది లేని రివ్యూలో వేరియబుల్ పేరు మీద 20 కామెంట్లు పడతాయి, పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో టైమౌట్ ఇవ్వని కాల్ అలాగే లోపలికి పోతుంది. ఆ లైబ్రరీ తనంతట తాను టైమౌట్ పెట్టదు. అవతలి సర్వర్ జవాబివ్వకపోతే రిక్వెస్టులు అందుకునే వర్కర్ అక్కడే కూర్చుంటుంది. అలా అన్ని వర్కర్లూ ఇరుక్కుంటే సర్వీస్ ఆగిపోతుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఏఐ టూల్స్ రాసిన కోడ్ ఎక్కువయ్యే కొద్దీ ఈ చదివే నైపుణ్యం ఇంకా అవసరం. ఆ కోడ్ పైకి శుభ్రంగా ఉంటుంది, తప్పు ఉండేది రాయకుండా వదిలేసిన చోట.

క్వెరీప్లాన్

పాయింటర్ గారూ, మాన్యువల్‌లో ఉందన్నది నిజమే. కానీ మాన్యువల్ తెరవాలన్న అనుమానం ముందు రావాలి కదా. ఆల్టర్ టేబుల్ చూడగానే "దీని లాక్ ఏంటి?" అని మనసులో గంట మోగకపోతే ఏ పేజీ ఉన్నా ఏం లాభం? ఒక డేటాబేస్‌లో ఆ అనుమానం అలవాటైనవాళ్లు ఇంకోదానికి మారినా దాన్ని వెంట తీసుకెళ్తారు.

మీ 60 లైన్ల కోడ్ ఆలోచన మాత్రం బాగుంది. ఇంటర్వ్యూ 90 నిమిషాలైతే ఇలా పంచుతాను: 30 నిమిషాలు అలాంటి కోడ్ చదివించడం, 30 నిమిషాలు నైట్‌షిఫ్ట్ గారి టైమౌట్ ప్రశ్న, మిగతా అరగంట ఒక మైగ్రేషన్‌కి అరపేజీ నోట్ రాయించడం. బైనరీ ట్రీకి చోటు లేదు.

పాయింటర్

ట్రీ పోయినా ఫర్వాలేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. మైగ్రేషన్ ప్రశ్నలో డేటాబేస్ మాన్యువల్ చూడనివ్వండి, లేకపోతే మీరు కొలిచేది పోస్ట్‌గ్రెస్ జ్ఞాపకాన్ని. ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ మీద పదేళ్లు పనిచేసిన మనిషి నాట్ వ్యాలిడ్ పేరు తెలియక ఫెయిలవకూడదు. మార్కులు దేనికి ఎన్నో మొదటి అభ్యర్థి రాకముందే రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేయాలి. అలా చేయకపోతే ముందు మాట్లాడినవాళ్ల అభిప్రాయమే అందరిదీ అవుతుంది.

ఒక్కపాత్ర

దానికి ఇంకొకటి చేర్చండి: చివరి పది నిమిషాలు అభ్యర్థికి ఇవ్వండి. స్టేజింగ్ డేటా ఎంత, రీస్టోర్ ఆఖరిసారి ఎప్పుడు చేసి చూశారు, రాత్రి అలర్ట్‌కి లేచినవాళ్లకి మర్నాడు సెలవుందా, విడుదల ఆపే అధికారం ఎవరిది. ఈ ప్రశ్నలు అడిగినవాళ్లకి మార్కులు వేయండి. జవాబులు మీ దగ్గర లేకపోతే ముందు వాటిని సిద్ధం చేసుకుని, ఆ తర్వాత ప్రకటన వేయండి.